నెలలు నిండుతున్న కూలితల్లుల ఎండ గురించి: సూర్యాపేట జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

సూర్యాపేట జిల్లా కలెక్టర్ గారికి,



చిలుకూరు మండలం నుంచి రాస్తున్నాను. హైదరాబాద్ పక్కన బాలాజీ గుడి ఉన్న చిలుకూరు కాదు. కోదాడ నుంచి హుజూర్‌నగర్ పోయే తోవలో, సాగర్ ఎడమ కాలువ కింద వరి పండే మన జిల్లా చిలుకూరు. మా దగ్గర కడుపుతో ఉన్న ఆడవాళ్లకు ఎండ గురించి ఎవరు చెబుతున్నారు, ఏం చెబుతున్నారు, చెప్పినా వాళ్లు ఏం చేయగలుగుతున్నారు అన్నది మీ ముందు పెట్టాలని ఈ లేఖ. ఇది ఆరోగ్య శాఖకు రాయాల్సింది కదా అని మీకు అనిపించవచ్చు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఒక శాఖ కింద ఉంది, అంగన్‌వాడీ ఇంకో శాఖ కింద ఉంది, ఉపాధి పనులూ మహిళా సంఘాలూ మరో శాఖ కింద ఉన్నాయి. గర్భిణి ఒక్కతే. ఆమె సంగతులన్నీ ఒకే బల్ల మీదికి వచ్చేది మీ దగ్గరే.

ముందు మా పంటల సంగతి చెప్పాలి. కాలువకు నీళ్లు వదిలితే జూలై, ఆగస్టుల్లో వానాకాలం నాట్లు. అప్పుడు మబ్బు కమ్మి ఎండ తక్కువగానే కనిపిస్తుంది గానీ ఉక్కపోత చెమటను ఆరనివ్వదు. అక్టోబరు నుంచి పత్తి ఏరుడు. డిసెంబరు, జనవరిల్లో యాసంగి నాట్లు. ఫిబ్రవరి నుంచి మిరప తోటల్లో కాయ ఏరుడు. ఏప్రిల్, మే నెలల్లో కల్లాల దగ్గర, కొనుగోలు కేంద్రాల దగ్గర వడ్లు ఎండబోయడం, తిరగేయడం, సంచులు నింపడం. ఉపాధి హామీ మట్టి పనులు కూడా ఆ నెలల్లోనే ఎక్కువ. కడుపు ఏ నెలలో నిలిచినా, కూలికి పోయే ఇంట్లో ఈ పనుల్లో ఒకటో రెండో దాటకుండా కాన్పు దాకా రాదు.

నాట్లు ఎకరానికి ఇంత అని గుత్తకు పట్టుకుంటారు. ముఠా అంతా ఒక వరుసన వంగి వెనక్కి నడుస్తూ నాటాలి. ఒకామె గట్టెక్కి కూర్చుంటే ఆమె మునుము పక్కామె మీద పడుతుంది. అందుకే ఐదో నెల కడుపుతో ఉన్నామె, ఆరో నెల కడుపుతో ఉన్నామె కూడా ఆగదు. ఎవరూ తిట్టకపోయినా మొహమాటానికి ఆగదు. ఇంకో సంగతి ఉంది. మగవాళ్లు కూర్చున్న సమావేశాల్లో ఇది ఎవరి నోటా రాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను: నాటు మడిలో, మిరప చేనులో ఒంటికి పోవడానికి మరుగు ఉండదు. నీళ్లు తాగితే పోవాల్సి వస్తుందని ఆడవాళ్లు నీళ్లే తగ్గించేస్తారు. పొద్దున ఇంటి దగ్గర తాగిన నీళ్లతో మధ్యాహ్నం సద్ది తినేదాకా నెట్టుకొచ్చేవాళ్లు మా ఊళ్లలో ఎందరో. దాంతో మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్. గర్భిణికి ఆ ఇన్‌ఫెక్షన్ ముదిరితే నెలలు నిండకముందే నొప్పులు రావచ్చు. ‘ఎండాకాలంలో నీళ్లు ఎక్కువగా తాగండి’ అని గోడ మీద రాయించడం సులువే. ఆ మాట చదివినామె పొలంలో ఎక్కడికి పోవాలో కూడా ఎవరో ఒకరు ఆలోచించాలి.

గర్భిణి ఒంట్లో ఎండ చేసే పనిని మా ఊరి ఆడవాళ్లకు అర్థమయ్యేట్టు చెప్పడం కష్టమేమీ కాదు, వాళ్లు ఒంటి సంగతులు బాగా తెలిసినవాళ్లు. కడుపుతో ఉన్నప్పుడు ఒళ్లు మామూలు కంటే ఎక్కువ వేడిని పుట్టిస్తుంది. లోపలి బిడ్డ ఒంటి వేడి తల్లి వేడి కంటే అర డిగ్రీ దాకా ఎక్కువగానే ఉంటుంది, ఆ వేడి తల్లి రక్తం గుండానే బయటికి రావాలి. ఎండలో పని చేస్తుంటే ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, పని చేసే కండరాలకూ రక్తం కావాలి. పైగా చెమట పోయి, నీళ్లు తాగక, ఒంట్లో నీరు తగ్గితే మాయకు చేరే రక్తం తగ్గుతుంది. బిడ్డకు ఊపిరైనా తిండైనా మాయ గుండానే కదా. వీటన్నిటికీ ముందే రక్తం తక్కువైన ఒళ్లు మనవాళ్లది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉంది.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. ఆఫ్రికాలోని గాంబియాలో పొలం పని చేసుకునే 92 మంది గర్భిణులను పొలాల్లోనే పరీక్షించి 2022లో ఒక అధ్యయనం ప్రచురించారు. తల్లి మీద ఎండ ఒత్తిడి ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ కడుపులో బిడ్డ ఇబ్బంది పడే అవకాశం 17 శాతం పెరిగిందని అందులో తేలింది. బిడ్డ గుండె చప్పుడు, బొడ్డుతాడులో రక్తప్రవాహం చూసి ఆ లెక్క కట్టారు. మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ తమిళనాడుది. చెన్నైలోని శ్రీరామచంద్ర సంస్థ పరిశోధకులు పొలాల్లో, ఇటుక బట్టీల్లో, ఉప్పు మడుల్లో పని చేసేవాళ్లతో సహా 800 మంది గర్భిణులను 2017 నుంచి గమనించారు. వేడిలో పనిచేసినవాళ్లలో నూటికి ఐదుగురికి గర్భస్రావం అయితే, వేడి తగలని పని చేసినవాళ్లలో నూటికి ఇద్దరికి అయింది. 27 దేశాల్లో జరిగిన 70 అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఒక డిగ్రీ వేడి పెరిగితే నెలలు నిండని కాన్పుల అవకాశం 5 శాతం, వడగాలుల రోజుల్లో 16 శాతం పెరుగుతుందని అది చెప్పింది. తమిళనాడు కూలితల్లికీ మా చిలుకూరు కూలితల్లికీ పనిలో గానీ తిండిలో గానీ నాకు పెద్ద తేడా కనిపించదు.

ఎండ ముదురుతోందన్నది మీకు నేను చెప్పక్కర్లేదు. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా వడదెబ్బకు పోయారు. 2024 మే మొదటి వారంలో నల్లగొండ, సూర్యాపేట జిల్లాల్లో ఎండ 46 డిగ్రీల దరిదాపులకు వచ్చింది. 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం వడగాలులను రాష్ట్ర ప్రత్యేక విపత్తుగా గుర్తించి, వడదెబ్బతో చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయల సాయం ప్రకటించింది. మంచి నిర్ణయం, మనస్ఫూర్తిగా చెబుతున్నాను. కానీ ఆ లెక్కలోకి ఎక్కేది రోడ్డు మీదో పొలంలోనో కూలిపోయిన మనిషే. మార్చిలో మిరప ఏరి, ఏప్రిల్‌లో ఏడో నెలకే కాన్పయిన తల్లి సంగతి ఎండ లెక్కలో రాదు. ‘దాని రాత’ అంటారు. ‘బరువెత్తిందేమో’ అంటారు. ఎక్కువసార్లు ఆ తల్లి తప్పే అంటారు. ఎండ పేరు ఎవరూ ఎత్తరు. కడుపు పోగొట్టుకున్న ఆడదాని మీద పడే నింద ఎట్లా ఉంటుందో ఊళ్లలో తిరిగినవాళ్లకు తెలుసు. ఎండ గురించి చెప్పడం ఆ నిందను కొంతైనా దించుతుంది. నాకు అది చిన్న లాభంగా కనిపించదు.

ఇక చెప్పడం సంగతి. కేంద్రం 2019లో వాతావరణ మార్పు, మానవ ఆరోగ్యం పేరుతో జాతీయ కార్యక్రమమే పెట్టింది. రాష్ట్రానికి వడగాలుల కార్యాచరణ ప్రణాళిక ఉంది. అందులో గర్భిణులు, పిల్లలు, ముసలివాళ్లు జాగ్రత్తగా ఉండాలన్న మాటా ఉంటుంది. ఆరెంజ్ అలర్ట్, రెడ్ అలర్ట్ అని టీవీలో, పత్రికల్లో వస్తాయి. ఆరెంజ్ అంటే ఏడో నెల గర్భిణి ఎన్ని గంటలకు గట్టెక్కాలి? ఆ లెక్క ఆమెకు ఎవరూ కట్టి ఇవ్వలేదు. పది గంటల నుంచి నాలుగింటి దాకా బయటికి రావద్దంటారు. కూలి పని నడిచేదే ఆ గంటల్లో. ‘ఎండకు పోకు బిడ్డా అంటరు, పోకుంటే కూలెవరిస్తరు?’ అని ఎవరైనా అడిగితే ఆశ కార్యకర్త దగ్గర జవాబు ఉండదు, ఆమెకు ఆ జవాబు ఎవరూ ఇచ్చి పంపలేదు.

ఇక్కడ మన అనుభవమే మనకు తోవ చూపిస్తుంది. మా అమ్మల కాలంలో మంత్రసాని చేతి మీద ఇంట్లో కాన్పులు. ఇప్పుడు రాష్ట్రంలో నూటికి 97 కాన్పులు ఆస్పత్రుల్లోనే. ఆస్పత్రికి రండి, ఆస్పత్రికి రండి అని మైకులో చెప్పినందుకే ఇది జరగలేదు. ఊళ్లో ఆశ కార్యకర్త పేరు రాసుకుంది, 102 బండి వాకిట్లోకి వచ్చింది, 2017 నుంచి కిట్టూ డబ్బూ వచ్చాయి, వాటితో పాటు మాట కూడా చెప్పారు. మాటకు ఏర్పాటు తోడైంది కాబట్టి అత్తలు కూడా విన్నారు. ఎండ విషయంలో మనం మాట ఒక్కటే చెప్పి, వినలేదని ఆడవాళ్లను అంటే అన్యాయం.

అందుకే నా మొదటి విన్నపం: ఎండ మాట గర్భిణికి ఒక్కదానికే చెప్పకండి. ఆమె పని గంటలు ఆమె చేతిలో లేవు. ముఠా పెద్ద చేతిలో ఉన్నాయి, రైతు చేతిలో ఉన్నాయి, ఇంట్లో అత్త చేతిలో, మొగుడి చేతిలో ఉన్నాయి. గ్రామైక్య సంఘం నెలనెలా కూర్చుంటుంది, అప్పుల వాయిదాలు మాట్లాడుకుంటుంది. నాట్లకు ముందు ఒకసారి, మిరప ఏరుడుకు ముందు ఒకసారి ఆ సమావేశంలో ఏఎన్‌ఎం వచ్చి అరగంట మాట్లాడితే ముఠా పెద్దలు సగం మంది అక్కడే దొరుకుతారు. ముఠాలో కడుపుతో ఉన్నామె ఉంటే ఆమెకు నారు అందించడం, నీడన చేసే పని ఇచ్చి కూలి మాత్రం సమానంగా పంచుకోవడం మా ఊళ్లలో తెలియని పద్ధతి కాదు. కొన్ని ముఠాలు ఇప్పటికే చేస్తున్నాయి. దాన్ని అందరి పద్ధతి చేయాలి. మబ్బుల లేచి ఐదింటికే మడిలో దిగి, పదిన్నరకు గట్టెక్కి, పొద్దు వాలాక మళ్లీ దిగే ఏర్పాటుకు రైతులను ఒప్పించగలిగేది మీ కార్యాలయం నుంచి వచ్చే మాటే. వ్యవసాయ విస్తరణ అధికారులు రైతు వేదికల్లో ఎరువుల గురించి చెబుతారు, ఈ మాట కూడా వాళ్ల నోటితో చెప్పించండి.

ఉపాధి హామీ పని మీ చేతిలోనే ఉంది. పని చోట నీడ, తాగే నీళ్లు, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని ఆ చట్టంలోనే రాసి ఉంది. గర్భిణికి మట్టి తట్ట మోయని పని ఇవ్వాలి, నీళ్లు అందించే పనో పసిపిల్లలను చూసుకునే పనో. పక్కనే చీర గుడ్డతోనైనా సరే ఒక మరుగు కట్టించండి. మిరప తోటల రైతులకు కూడా ఇదే చెప్పాలి: నాలుగు కర్రలు, ఒక పాత పరదా. దీని ఖర్చు ఎంతో మీకు తెలుసు.

రెండో సంగతి అంగన్‌వాడీది. 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు అంగన్‌వాడీలోనే ఒకపూట పూర్తి భోజనం పెడుతున్నారు. అన్నం, పప్పు, గుడ్డు, పాలు. కూలి ఇళ్లలో గర్భిణికి రోజూ గుడ్డు దొరికిందంటే ఆ పథకం పుణ్యమే, దాన్ని తక్కువ చేయను. కానీ ఆ భోజనం మిట్టమధ్యాహ్నం. ఊరి చివరి కాలనీ నుంచి ఆమె ఎండకు నడిచి రావాలి, తిని మళ్లీ ఎండకే పోవాలి. మే నెలకు సెలవులిచ్చి సరుకులు ఇంటికే ఇస్తే కొంత మేలు. కానీ మా దగ్గర ఎండ మార్చి రెండో వారం నుంచే మండుతుంది. ఆ నెలల్లో భోజనం పొద్దున పది లోపు పెట్టడమో, నెలలు నిండుతున్నవాళ్లకు ఇంటికి పంపడమో చేయాలి. అంగన్‌వాడీ, ఉపకేంద్రం కప్పుల మీద తెల్ల సున్నం కొట్టిస్తే లోపల వేడి తగ్గుతుంది. 2023లో రాష్ట్రం చల్లని పైకప్పుల విధానం తెచ్చింది, అది హైదరాబాద్ భవంతులకే ఎందుకు ఆగాలి? ఆ సున్నం చూసి రేకుల ఇళ్లవాళ్లు కూడా అడుగుతారు. పగలంతా పొలంలో కాగిన ఒంటికి రాత్రి రేకుల కింద నిద్ర లేదు, ఆ సంగతి ఎక్కడా చర్చకు రాదు.

మూడోది మాతా శిశు సంరక్షణ కార్డు. బరువు, బీపీ, రక్తం శాతం, టీకాలు అన్నీ అందులో రాస్తారు. ప్రతి నెలా 9వ తేదీన సురక్షిత మాతృత్వ పరీక్షలకు వచ్చినప్పుడు ఇంకో రెండు ప్రశ్నలు అడిగి ఆ కార్డు మీదే రాయమనండి: ఏం పని చేస్తున్నావు, ఏ గంటల్లో చేస్తున్నావు. జవాబును బట్టి ఆ ఇంటికి ఆశ కార్యకర్త ఎప్పుడు పోవాలో తేలుతుంది. అప్పుడే చెప్పాల్సిన మాటలు కూడా చెప్పొచ్చు. మూత్రం ముదురు పసుపుగా వస్తే ఒంట్లో నీరు చాలలేదని. ఎండలో కడుపు మాటిమాటికీ గట్టిపడుతుంటే పని ఆపి నీడకు రావాలని. ఇంటికొచ్చాక ఎడమ పక్కకు తిరిగి పడుకుని బిడ్డ కదలిక గమనించాలని, కదలిక తగ్గినట్టు అనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దని. తలనొప్పి వచ్చినా, కళ్లు మసకబారినా, ఉమ్మనీరో రక్తమో కనబడినా వెంటనే 102కో 108కో ఫోన్ చేయాలని. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. వడదెబ్బకు అందరికీ చెప్పే ఉప్పు మజ్జిగ, ఓఆర్‌ఎస్ సలహాను బీపీ ఉన్న గర్భిణికి, కాళ్లూ మొహమూ వాచినామెకు అట్లాగే అప్పజెప్పకూడదు. ఎవరికి ఎంతో డాక్టరు తేల్చి ఆ కార్డు మీదే రాయాలి.

తొలికాన్పు పుట్టింటి దగ్గర చేయడం మన ఆచారం. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పిల్ల పుట్టింటికి పోతుంది, మండలం మారుతుంది, ఒక్కోసారి రాష్ట్రం దాటి జగ్గయ్యపేట వైపో, పాలేరు దాటి ఖమ్మం జిల్లాకో పోతుంది. సరిగ్గా ప్రమాదం పెరిగే నెలల్లో ఆమె ఒక ఆశ కార్యకర్త జాబితాలోంచి జారి ఇంకో జాబితాలోకి ఎక్కదు. పోయే ముందే అటువైపు ఏఎన్‌ఎంకు ఫోన్ పోవాలి. మిరప కూలికి బయటి నుంచి వచ్చి తోటల దగ్గర గుడారాల్లో ఉండేవాళ్లు ఏ ఊరి జాబితాలోనూ ఉండరు. వాళ్లలోనూ కడుపుతో ఉన్నవాళ్లు ఉంటారు.

ఎండ ఒక్కటే కాదు, వాన కూడా మారిపోయింది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల కుండపోత మీ కార్యాలయం మరిచిపోయి ఉండదు. నడిగూడెం మండలం రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడింది, కోదాడ వీధులు చెరువులయ్యాయి, హైవే మీద రాకపోకలు ఆగాయి. ఆ రెండు రోజుల్లో నొప్పులు మొదలైన ఇళ్లలో ఏ దిగులు పడి ఉంటారో తలుచుకుంటే గుండె జారిపోతుంది. వచ్చే రెండు వారాల్లో కాన్పు తేదీ ఉన్నవాళ్ల పేర్లు ఆశ కార్యకర్త దగ్గర ఎట్లాగూ ఉంటాయి. భారీ వాన హెచ్చరిక వచ్చిన గంటలోనే ఆ పేర్లు తహసీల్దారు చేతిలో ఉండాలి, వాగు అవతలి ఊళ్లవాళ్లను ముందురోజే కోదాడ ఆస్పత్రికో బంధువుల ఇంటికో చేర్చాలి. ముందే చెప్పి ఉంచితే ఆ ఇంటివాళ్లు సంచి సర్దుకుని సిద్ధంగా ఉంటారు. ముంపు తగ్గాక దోమలు, డెంగీ, మలేరియా. గర్భిణికి అవి మామూలు జ్వరాలు కావన్న సంగతి కూడా అప్పుడే చెప్పాలి.

పని మానేసిన రోజు కూలి సంగతి కూడా ఆలోచించాలి. గుజరాత్‌లో ‘సేవా’ (SEWA) అనే మహిళా కార్మికుల సంఘం 2023లో 21,000 మంది అసంఘటిత మహిళలతో ఎండ బీమా మొదలుపెట్టి, మరుసటి ఏడు దాన్ని 50,000 మందికి పెంచింది. ఎండ ఒక గీత దాటితే చాలు, ఎవరూ జబ్బు పడి నిరూపించుకోనక్కర్లేకుండా డబ్బు ఖాతాలో పడుతుంది. మన జిల్లాలో మహిళా సంఘాలు అంతకంటే గట్టివి. ముందు ఆరో నెల దాటిన గర్భిణులకు మాత్రమే, ఎండ మండే రెండు నెలలకు మాత్రమే, ఒక మండలంలో చేసి చూడవచ్చు. ఆ మండలం చిలుకూరు అయితే సంఘాలవాళ్లను కూర్చోబెట్టే బాధ్యత మాది.

చివరిగా ఒక లెక్క. ఏ రోజు ఏ మండలంలో ఎంత ఎండ కాసిందో రాష్ట్ర ప్రణాళికా సొసైటీ యంత్రాలు రాసిపెడుతున్నాయి. ఏ రోజు ఎన్ని కాన్పులయ్యాయో, బిడ్డ ఎంత బరువుందో, ఎన్నో నెలలో పుట్టిందో కోదాడ, సూర్యాపేట ఆస్పత్రుల రిజిస్టర్లలో ఉంది. 2019 నుంచి మనకు సూర్యాపేటలో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. ఆ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి చూడమని కళాశాలవారిని మీరు అడగాలి. గాంబియా గురించీ తమిళనాడు గురించీ చెప్పే బదులు, మన ఊరి కాన్పుల గురించే అత్తలకు చెప్పగలిగితే ఆ మాటకు వచ్చే బలం వేరు.

యాసంగి నాట్లు పూర్తయ్యాక, మిరప ఏరుడు మొదలయ్యే ముందు, జనవరి చివరి వారంలో మూడు శాఖలవాళ్లనూ చిలుకూరుకు పిలిచి ఒక్కపూట కూర్చోండి. ముఠా పెద్దలనూ ఆశ కార్యకర్తలనూ మేము పిలుచుకొస్తాం. సమావేశం సాయంత్రం పెట్టండి, పొద్దున పెడితే వాళ్ల కూలి పోతుంది.

ఇట్లు,
చిలుకూరు మండల వాసి